డ్రమ్మర్ కుడిచెవి

పెళ్లిళ్లకీ చవితి పందిళ్లకీ పాటకచేరీలు చేసే మండపేట ఆర్కెస్ట్రాలో నేను ఆరేళ్లు డ్రమ్స్ వాయించాను. తొంభైల చివరి మాట. కాకినాడలో ఓడల మీద పనిచేసే మిత్రుడొకడు తెచ్చిచ్చిన పంక్ రాక్ క్యాసెట్ నా బుర్ర పాడుచేసింది. అందులో డ్రమ్మర్ డ్రమ్ముల మీద పగబట్టినట్టు వాయిస్తాడు. నేనూ అలాగే మొదలుపెట్టాను. ఎంత నెమ్మదైన పాటనైనా రెండో చరణానికల్లా పరుగులు పెట్టించేవాణ్ణి. పెద్దవాళ్లు చెవులు మూసుకున్నారు, కుర్రాళ్లు ఈలలు వేశారు. ఏడాది తిరిగేసరికి, బుక్ చేసుకోవడానికి వచ్చినవాళ్లు ముందు "ఆ డ్రమ్స్ ఆయన వస్తారా అండి?" అని అడిగేవారు. ఆ రోజుల్లో నా కాళ్లు నేలమీద ఆనలేదని ఒప్పుకుంటాను.

చెప్పుకోని సంగతి ఒకటుంది. ఆ మోత నేనే తట్టుకోలేకపోయేవాణ్ణి. కార్తీకమాసంలో ద్రాక్షారామంలో వెలిగించడానికి మా అమ్మ ముందునుంచే చేసిపెట్టుకునే వత్తుల్లోంచి రెండు తీసి, కొబ్బరినూనెలో తడిపి చెవుల్లో దూర్చుకునేవాణ్ణి. జుట్టు పొడుగ్గా ఉండేది కాబట్టి ఎవరికీ కనబడేవి కావు. "వత్తులు తగ్గిపోతున్నాయేంట్రా, ఎలకలు గానీ పట్టుకుపోతున్నాయా?" అనేది అమ్మ. నేను బియ్యం బస్తాల వెనక వెతికినట్టు నటించేవాణ్ణి.

ఒక చవితి పందిట్లో వాయించి వచ్చాక కుడిచెవి వినబడడం మానేసింది. రేపటికి తగ్గుతుందిలే అనుకున్నాను. తగ్గలేదు. భయం పట్టుకుంది. చెవిటి డ్రమ్మర్ని ఎవరు ఉంచుకుంటారు? మా ఆర్కెస్ట్రా యజమాని మంచివాడే కానీ, ఆయన ఎరిగిన డ్రమ్మర్లు బోలెడుమంది. నాకా, వేరే పని రాదు. వ్యానులో ఎప్పుడూ కుడివైపు కిటికీ పక్కనే కూర్చునేవాణ్ణి. స్టేజి మీద మా గాయని చేత్తో వేసే తాళం చూస్తూ నెలన్నర నెట్టుకొచ్చాను.

చివరికి కాకినాడ వెళ్లి చెవి డాక్టరుగారికి చూపించుకున్నాను. నరం పోయిందంటారేమోనని గుండె రాయి చేసుకుని కూర్చున్నాను. ఆయన లైటు వేసి చూసి, సన్నటి పట్టకారుతో ఏదో లాగి ట్రేలో పెట్టారు. గుబిలితో నల్లబడ్డ వత్తి ముక్క. తీసేటప్పుడు సగం తెగి లోపలే ఉండిపోయినట్టుంది.

"చెవిలో దీపం పెడదామనుకున్నారా ఏంటండి?" అన్నారు నవ్వకుండా.

ఆ మాట రెండు చెవులకీ వినబడింది. ఫ్యాను చప్పుడూ, బయట ఆటో హారనూ కూడా. సిగ్గు విడిచి ఏడ్చేశాను. అంత హాయి నాకు ఏ చప్పట్లూ ఇవ్వలేదు.

ఆ ఆదివారం రాజమండ్రిలో పెళ్లి రిసెప్షన్. మొదటి పాటకి గాయని ఎప్పటిలాగే పక్కకి తిరిగి, నాకు కనబడేలా చెయ్యెత్తి తాళం వేసింది. విరామంలో ఆమెకొక్కదానికే జరిగింది చెప్పాను.

"తెలుసండి" అంది. "ఆమధ్య టీ తాగుతారా అని మీ కుడిపక్కన నుంచుని మూడుసార్లు అడిగాను. మీరు పలకలేదు."

"మరి యజమానిగారికి చెప్పలేదేం?"

"చెప్తే మిమ్మల్ని ఉంచుతారా?" అని, తాగేసిన టీ గ్లాసు కింద పెట్టి మెడ రుద్దుకుంది. "ఇంక నేను జనం వైపు తిరిగి పాడుకోవచ్చా అండి?"