చుట్టమొస్తే ఏమనని హోటల్

నరేందర్ నోరు తెరిస్తే అబద్ధమే. అది ఆయన గుణం కాదు, కొలువు. మహేశ్వరం దిక్కు రాళ్ళ చెలకలు చూపెట్టి "సార్, ఎయిర్‌పోర్టు ఇక్కడికి పది నిమిషాలే" అనాలె. పక్షికైతే నిజమే, కారుకు గాదు. వాళ్ళ నాయిన ఆ చెలకల్లనే ఆముదాలు ఏసి అప్పులపాలైండు. ఎయిర్‌పోర్టు వచ్చినంక కొడుకు అవే చెలకలకు సున్నపు గీతలు కొట్టి, గజాల లెక్కన అమ్మి, నల్ల కళ్ళద్దాలు, ఒక సెకండ్ హ్యాండ్ కారు సంపాదిచ్చిండు.

ముప్ఫై నాలుగేండ్లొచ్చినా పెండ్లి కాలె. దానికీ అబద్ధాలే. ఒకసారి జాతకంల దోషమన్నడు, ఒకసారి వెంచర్ పూర్తి కానీయమన్నడు, ఒకసారి పిల్ల పొడుగు అన్నడు. మరిచిపోయి తల్లి జంగమ్మ అదే పిల్లను మళ్ళ చూపెడితే పొట్టి అన్నడు. అసలు సంగతి ఆయనకు పదహారేండ్లప్పుడే ఎరుక. ఊర్ల ఆడపిల్లలు ఎదురొస్తే ఏమనిపియ్యకపోయేది. కొత్తూరు ఫ్యాక్టరీ బస్సు డ్రైవర్ కనబడితే మాత్రం, ఎక్కడికి పోయే పని లేకున్నా ఆ బస్సెక్కాలనిపిచ్చేది.

హైదరాబాద్ల ఒక పబ్బుకు శనివారాలు తన అసొంటోళ్ళంత వస్తరని తెలిసి రెండు మూడు సార్లు పోయిండు. పాటలు బాగనే ఉండె. పాటలు ఆగినంకనే పరేషాన్. తోడు దొరికితే ఎక్కడికి పోవాలె? ఇంట్ల అమ్మ. లాడ్జిలకు పోతే "లోకల్ ఐడీ నడ్వది" అంటరు. ఒక లాడ్జిల కౌంటర్ కాడ ఉన్నాయన "ఇద్దరు మొగోళ్ళకు ఒక్క మంచమెందుకు?" అనడిగితే, నరేందర్ అలవాటు కొద్దీ "వాస్తు" అన్నడు. ఆయన నమ్మలె.

ఆ పబ్బుల్నే ఒకాయన చెప్పిండు. బ్యాంకాక్‌ల సీలోం అనే దిక్కు ఒక గల్లీ ఉంటదట, గల్లీ పొడుగూత మనోళ్ళేనట, ఇరానీ హోటల్ ముందట కూసున్నట్టు బయట కుర్చీలేసుకొని కూసుంటరట. నరేందర్‌కు అది కూడ ఎయిర్‌పోర్టు పది నిమిషాల లెక్కనే వినబడ్డది. అబద్ధాలమ్ముకునేటోనికి ఇంకొకని మాట నమ్మబుద్ధి కాదు.

2012ల వెంచర్ కంపెనీ బాగా అమ్మిన ఏజెంట్లను బ్యాంకాక్ దాంక తీస్కపోయి, అక్కడి నుంచి బస్సుల పట్టాయాకు తోలుతమన్నది. ఇద్దరిద్దరికి ఒక రూము. నరేందర్ రూములకు జంగయ్యను ఏసిండ్రు. జంగయ్యంటే అక్క నిర్మల మొగుడు. ఆయనా ఏజెంటే. సంగతి తెలువంగనే నిర్మల తమ్మున్ని వంటింట్లకు పిలిచింది.

"బావ మీద జర కన్నేసి ఉంచురా. పట్టాయా అంటే ఏందో నాకు తెల్వదనుకోకు."

"నా కండ్ల ముందల్నే ఉంటడక్కా, నువ్వు పరేషాన్ గాకు" అన్నడు నరేందర్. అని, సీదా శంషాబాద్ పాత రోడ్డు మీద మంజుల షాపుకు పోయిండు.

మంజుల ఒక్క షట్టర్ల జిరాక్సు, పాస్‌పోర్టు ఫొటోలు, విమానం టికెట్లు అన్నీ నడిపేది. గొంతు పెద్దది. భూములమ్మిన పైసలతోటి విమానమెక్కేటోళ్ళంత ఆమె దగ్గరికే వచ్చేది.

"కంపెనీ రూమిస్తుంటే మళ్ళ హోటలెందుకన్నా?"

"బ్యాంకాక్‌ల రెండు దినాలు పనున్నది. క్లయింటు."

"ఎసొంటిది కావాలె?"

"చవుకది. దగ్గర్ల వెజ్ దొరకాలె" అన్నడు నరేందర్, అంతకుముందే బోటికూర తిన్న నోటితోటి.

మంజుల కంప్యూటర్ల ఒక్కొక్కటే తీసింది. మార్వాడీ భోజనం పక్కనే ఉన్నది చూపెడితే దూరమన్నడు. గుడి పక్కనున్నది చూపెడితే గంటలకు నిద్ర రాదన్నడు. చివరికి మెల్లగ, "సీలోం దిక్కేమన్న ఉన్నయా చూడు" అన్నడు. అక్కడ చవుకవి మస్తుగున్నయి. మంజుల ఒకదాని గురించి జనం రాసిన మాటలు గట్టిగ చదువుడు షురూ చేసింది.

"రూములు చిన్నగున్నయంట, నీట్‌గున్నయంట. గెస్ట్ ఫ్రెండ్లీ అంట. అంటే ఏందన్నా?"

పట్టాదార్ పాస్‌బుక్కు జిరాక్సు కోసం బెంచీ మీద కూసున్న ముసలాయన కూడ తల తిప్పిండు.

"అంటే, చుట్టమొస్తే ఏమనరన్నట్టు" అన్నడు నరేందర్.

"బ్యాంకాక్‌ల నీకు చుట్టాలెవలున్నరు?"

"ఉంటరు గదా ఎవలో ఒకరు."

మంజులకు సగం సగం పనులు నచ్చయి. ఆ హోటల్‌కే ఫోన్ కలిపింది. "మేడం, మై కస్టమర్ రిలేటివ్ కమింగ్. నైట్ స్లీపింగ్. ఎక్స్‌ట్రా చార్జ్?" అనడిగి, అటు మాట విని, ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టింది. "చుట్టం ఆడనా మొగనా అనడుగుతుందన్నా."

నరేందర్ ఫ్యాను దిక్కు చూసిండు. మస్తుగ వెతికిండు గని ఒక్క అబద్ధం గూడ దొరకలె.

"మొగ" అన్నడు.

"మ్యాన్" అన్నది మంజుల ఫోన్‌ల. విన్నది, పెట్టేసింది. "ఎవలైనా పైసా ఎక్కువ లేదంట. వచ్చినోళ్ళు కార్డు కౌంటర్ల పెట్టి, పొద్దుగాల తీస్కపోవాలంట. వేరే హోటళ్ళల్ల తోడొచ్చినోళ్ళకు జాయినర్ ఫీజని గుంజుతరంట, ఈడ లేదంట."

మంజుల ముందుగాల ముసలాయనకు జిరాక్సు తీసిచ్చి తోలింది. పోయినంక మంజుల కుర్చీ ఇటు తిప్పింది.

"ఇంత సేపాయె నీకు వెజ్ హోటల్ వెతుకవట్టి. ముందుగాల్నే చెప్పొద్దా?"

"ఎట్ల చెప్తరు?"

"నోటితోటి." ఆమె గొంతు తగ్గిచ్చింది. "దవాఖానల చూపిచ్చుకున్నవా?"

"చూపిచ్చుకున్న. ఇది రోగం గాదన్నడు డాక్టరు. మన వెంచర్ల ఒక ప్లాట్ గూడ తీసుకున్నడు."

"నీ దగ్గర ప్లాట్ కొన్నడా? గట్లయితే ఆయన మాట నమ్మేటట్టు లేదు" అన్నది మంజుల. మళ్ళ కంప్యూటర్ దిక్కు తిరిగింది. "నాకు అర్థం గాదన్నా ఇది, నచ్చది గూడ. గని పట్టాయాకు పొయ్యేటోడు ప్రతొక్కడు నాతోటి బుద్ధుని గుడి చూడవోతున్న అంటడు. నువ్వు రూల్ కనుక్కొని పోతున్నవు. నీ పేరు స్పెల్లింగ్ చెప్పు."

బావకు ఎయిర్‌పోర్టు లైన్ల చెప్పిండు, రెండు దినాలు బ్యాంకాక్‌ల క్లయింటు పనున్నదని. జంగయ్య "అయ్యో, నువ్వు లేకుంటే ఎట్లరా, అక్కేమనుకుంటది" అన్నడు. నవ్వు ఆగక దగ్గిండు, దగ్గు ఆగక పక్కకు పోయి నీళ్ళు తాగిండు.

దిగినంక కంపెనీ బస్సు పట్టాయా తొవ్వ పట్టింది, నరేందర్ సీలోం తొవ్వ పట్టిండు. పొద్దూకంగనే గల్లీకి పోయిండు. గల్లీ చిన్నదే, శంషాబాద్ కూరగాయల గల్లీ అంత. కుర్చీలు నిజంగనే బయట ఉన్నయి. తెల్లజుట్టు ముసలోళ్ళిద్దరు ఒక్క ప్లేట్ల తినుకుంట, అచ్చం మొగుడు పెండ్లాల లెక్క కొట్లాడుకుంటున్నరు. నరేందర్ ఒక బీరు చెప్పి, తనను ఎవలన్న చూస్తున్నరా అని నాలుగు దిక్కులు చూసిండు. ఎవలు చూస్తలేరు. ముందు పాణం నిమ్మళమైంది. తర్వాత జర బాధనిపిచ్చింది. కొత్త షర్టు ఏసుకున్నడు మరి.

అప్పుడే అక్క మళ్ళ ఫోన్ చేసింది.

"బావేడిరా?"

"స్నానం చేస్తుండక్కా."

"ఇందాక గూడ స్నానమే అంటివి గదరా."

"ఈడ ఉక్క ఎక్కువక్కా. మళ్ళ చేస్తుండు."

పక్క టేబుల్ కాడ కళ్ళజోడాయన తాగుతున్నది ముక్కులకెక్కి దగ్గిండు. తుడుచుకొని, "క్షమించండి, వినాలని వినలేదు. మీ బావగారు చాలా శుభ్రమైన మనిషిలా ఉన్నారు" అన్నడు.

ఆయన పేరు శివశంకర్. పుట్టింది తెనాలి దిక్కు, వయసు నలభైకి దగ్గర. రాజేంద్రనగర్ల వ్యవసాయ యూనివర్సిటీల పంటల పురుగుల మీద పాఠాలు చెప్తడు. పదకొండేండ్ల సంది అక్కడి క్వార్టర్లనే ఉంటుండంట. నరేందర్‌కు నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలె. ఇంటికాడ ఒక సిటీ బస్సెక్కితే దొరికే మనిషి కోసం వీసా తీసుకొని, ఇమానమెక్కి, సముద్రం దాటి వచ్చిండు.

"ఏం పురుగులు సార్?"

"ఎక్కువగా ఆముదంలో దాసరి పురుగండీ."

"మా నాయిన చేనంత అదే తిన్నది. అప్పుడు మీరేం చేస్తున్నరు?"

"పాఠం చెబుతున్నానండీ" అన్నడు శివశంకర్, బుద్ధిగ.

గట్ల కలిసింది మాట. ఇద్దరు హోటల్‌కు బయలెల్లిండ్రు. తొవ్వల నరేందర్ కౌంటర్ కాడ చెప్పనీకి మంచి అబద్ధమొకటి తయారు పెట్టుకున్నడు: చిన్నాయిన కొడుకు, ఫ్లైట్ తప్పిపోయింది. కౌంటర్ పిల్ల శివశంకర్ పాస్‌పోర్టు తీసుకొని సొరుగుల పెట్టింది. "పొద్దుగాల టిఫిను ఇద్దరికా?" అన్నట్టు రెండు వేళ్ళు చూపెట్టింది. నరేందర్ తలూపిండు. అంతే. లిఫ్టుల నిలబడ్డంక గూడ ఆ చిన్నాయిన కొడుకు నోట్లనే ఉన్నడు. అక్కరకు రాని అబద్ధాన్ని ఏం చెయ్యాల్నో ఆయనకు తోచలె. నవ్వొచ్చింది. నవ్వుతుంటే కండ్లల్ల నీళ్ళొచ్చినయి. శివశంకర్ ఏమైందని అడగలె, భుజం మీద చెయ్యేసిండు.

తెల్లారి ఇద్దరు కింద టిఫిను తింటుంటే, బ్యాగు ఈడ్చుకుంట జంగయ్య వచ్చిండు. మంజులకు ఫోన్ చేసి, ఇంటికాడ అక్క పడ్డది, నరేందర్‌కు అర్జెంటుగ చెప్పాలె అని అడ్రసు పట్టిండంట. అక్కకేం గాలె. పడ్డది బావనే.

"నా ఎంబడి వచ్చినామెకు జాయినర్ ఫీజంటరా" అన్నడు, కుర్చీల కూలబడి. "రూము మనదైనంక ఫీజేందని నేను కొట్లాడిన. వాళ్ళు పోయి మన మేనేజర్‌ను లేపిండ్రు. ఏజెంట్లంత బనీన్ల మీద బయటకొచ్చి చూసిండ్రు. మీటింగ్‌ల గూడ అంత మంది రారు."

"ఆమేమాయె?"

"ఎప్పుడో పోయింది, నా కళ్ళద్దాలు పెట్టుకొని." జంగయ్య రొట్టె ముక్క తీసుకొని శివశంకర్‌ను చూసిండు. "సారెవరు?"

"క్లయింటు. మహేశ్వరంల ప్లాట్ కావాలంటుండు" అన్నడు నరేందర్.

జంగయ్య రొట్టె నములుకుంట హాలంత చూసిండు. ప్రతి టేబుల్ కాడ ఇద్దరిద్దరు మొగోళ్ళు.

"ఈ హోటల్‌ల ఆడోళ్ళే లేరేందిరా?"

"టిఫిను బాగుండదని రారు బావా."

జంగయ్య ప్లాట్లమ్మే మనిషి, మొకాలు చదవనీకొస్తది. నరేందర్ మొకం చదివిండు, శివశంకర్ మొకం చదివిండు. మళ్ళ రొట్టె దిక్కు చూసిండు.

"అక్కకు చెప్పకు" అన్నడు.

"నువ్వు చెప్పకు" అన్నడు నరేందర్.

"నేనేం చూసిన చెప్పనీకి?" అని జంగయ్య శివశంకర్ దిక్కు జరిగిండు. "సార్, మా బామ్మర్ది మీకు ఏ ప్లాట్ చెప్పిండో గని, మూల మీద తూర్పు మొకంది ఒకటున్నది. ఎయిర్‌పోర్టు పది నిమిషాలే."

చాయ్ చల్లారేలోపు మూల ప్లాట్ శివశంకర్ పేరు మీద పడ్డది. కమీషన్ల సగం బావ తీసుకున్నడు. బేరం నేను చేసిన అన్నడు. నరేందర్ కాదనలేకపోయిండు.

తిరిగొచ్చినంక ప్రతి ఆదివారం నరేందర్ సార్‌కు ప్లాట్ చూపెట్టనీకి పోయేటోడు. "ఎన్ని దినాలు చూపెడ్తవురా ఒక్క ప్లాటు?" అని అక్కడిగితే, జంగయ్యనే అడ్డమొచ్చి, "సార్ చదువుకున్నోడు, మట్టి పరీక్ష చేస్తుండు" అనేటోడు. మధ్యల ఒకసారి గడబిడైంది. 2013 డిసెంబర్ల సుప్రీంకోర్టు ఇద్దరు మొగోళ్ళు కలిసుండుడు మళ్ళ నేరమే అన్నది. శివశంకర్ సర్కారు జీతగాడు, భయపడ్డడు. ఫోన్ ఎత్తలె, ఆదివారాలు రాలె. నరేందర్ ఒక దినం పట్టపగలే ఆయన క్వార్టర్‌కు పోయి తలుపు కొట్టిండు.

"కోర్టు తీర్పు చూడలేదా మీరు?" అన్నడు శివశంకర్, తలుపు సందుల నుంచి.

"సార్, మా వెంచర్ మీదనే మూడు కేసులున్నయి. నేను ప్లాట్లమ్ముడు బందు పెట్టిన్నా?"

శివశంకర్ నవ్వు ఆపుకోనీకి చూసిండు, ఆగలె. తలుపు మొత్తం తీసి లోపలికి రమ్మన్నడు.

ఇగ 2014ల నిర్మల నేను గూడ బ్యాంకాక్ చూస్త అన్నది. మొగుణ్ణి నమ్మలేక గాదు, నమ్మినందుకే. జంగయ్య రెండేండ్ల సంది ఇంట్ల ఒకటే చెప్పుకుంట వచ్చిండు: బ్యాంకాక్‌ల బామ్మర్ది, సారు, తను ఒక్క హోటల్‌ల ఉన్నమని, ఆ హోటల్‌ల దిగినోళ్ళల్ల ఆడపురుగు గూడ కనబడలేదని. ఆ ఒక్క ముక్క నిజమే గాబట్టి ఒట్టేసి మరీ చెప్పిండు. నిర్మల మంజుల షాపుకు పోయి, "వేరేవి చూపెట్టకు. మా ఆయన పోయినసారి ఉన్నదే కావాలె. ఆడోళ్ళు రానిది" అన్నది. మంజుల నవ్వకుంట ఉండనీకి లేచి జిరాక్సు మిషన్‌ల కాయిదాలు నింపింది. సార్‌ను గూడ పిలుద్దమని చెప్పింది నిర్మలనే. తమ్మునికి తోడుంటడు గదా అన్నది.

నలుగురు పోయిండ్రు. మొదటి సాయంత్రం నిర్మల కొబ్బరి బొండం పట్టుకొని ఆ గల్లీల కుర్చీల కూసున్నది. పక్కన జంగయ్య తల వంచుకొని పల్లీలు తింటుండు. ఆమె వచ్చేటోళ్ళను, పోయేటోళ్ళను చూసింది. చేతిల చెయ్యేసుకొని నడిచేటోళ్ళను చూసింది. నరేందర్ అక్క మొకం చూడలేక మెనూ కార్డు వెనకా ముందు తిప్పుతుండు. ఈసారి ఏం చెప్పాల్నో ఆయన తయారు జేసుకోలె. నిర్మల బొండం కింద పెట్టి శివశంకర్ దిక్కు తిరిగింది.

"సార్, రెండేండ్లాయె మా తమ్మునికి మీరు తెలిసి. ఇంత దూరం మాతోటి వచ్చిండ్రు గని, ఒక్క పూట మా ఇంటికి అన్నానికి రాలె. ఎందుకు సార్?"

శివశంకర్ కళ్ళజోడు సరిచేసుకున్నడు. "ఎవరూ పిలవలేదండీ."

"నేను పిలుస్తున్న."

"పోయినంక వచ్చే ఆదివారమే రాండ్రి" అన్నడు జంగయ్య, పల్లీల ప్లేటు ఆయన దిక్కు జరిపి. "నాటుకోడి కోయిస్త."