పల్సానా దాకా ఎన్ని నిమిషాలు

మొన్న మా ప్లాంటు క్యాంటీన్‌లో కొత్తగా చేరిన ఇద్దరు ట్రైనీలు టీ గ్లాసులు ముందు పెట్టుకుని, కారు పందేల డ్రైవర్లందరిలోకీ గొప్పవాడెవడని వాదించుకుంటున్నారు. ఒకడు జర్మనీ అతనంటాడు, ఇంకొకడు ఫిన్లాండ్ అతనంటాడు. నాకు జాబితాలు రాసే అలవాటుందని ఎవరో చెప్పినట్టున్నారు, కాగితం, పెన్ను నా వైపు జరిపి, "సార్, మీరో టేబుల్ వేసి తేల్చండి" అన్నారు. పెన్ను తీసుకున్నాను. మొదటి గీత గీయబోయి పెన్ను కింద పెట్టేశాను. పనుందని చెప్పి లేచి వచ్చేశాను. వాళ్ళు నన్ను గర్విష్ఠి అనుకుని ఉంటారు. నిజానికి అది భయం. ఆ ప్రశ్నకు టేబుల్ వేసి జవాబు చెప్పాలని నేను ఒకసారి ప్రయత్నించాను. నాలుగేళ్ళ కిందట, ఇదే సూరత్‌లో, ఒక చలికాలం.

అప్పటికి నేను మెకానికల్ డిప్లొమా ముగించి హజీరాలోని ఈ ప్లాంటులో ట్రైనీగా చేరి కొద్ది నెలలే అయింది. నవాగామ్‌లో అక్కాబావల ఇంట్లో ఉండేవాణ్ణి. రెండు గదులు, రేకుల కప్పు, చుట్టూ మరమగ్గాల చప్పుడు. ఆ చప్పుడు మాకెంత అలవాటంటే, కరెంటు పోయి మగ్గాలు ఆగినప్పుడే ఉలిక్కిపడి మెలకువ వచ్చేది. బావ వాళ్ళది తరతరాల నేత కుటుంబం. తెలంగాణ నుంచి వచ్చిన అందరిలాగే ఆయనా మగ్గం దగ్గర నిలబడ్డాడు కానీ, రెండేళ్ళకే చెవుల్లో హోరు భరించలేక టెంపో స్టీరింగు పట్టాడు. మా గల్లీ షెడ్లలో దిగిన తాకాలను, అంటే ఇంకా రంగెక్కని బట్ట తానులను, పల్సానాలోని రంగుల మిల్లుకు చేర్చడం ఆయన పని. మాట తక్కువ, పని నెమ్మది. బండిని రోజూ పొద్దున్నే తడిగుడ్డతో తుడిచి, అద్దానికి దండం పెట్టి గానీ ఎక్కేవాడు కాదు.

పక్క గదిలో మగ్గాల ఫిట్టరు ఒకాయన ఉండేవాడు. వరసకు ఏమీ కాడు గానీ నేను మామ అనేవాణ్ణి. గల్లీలో మొదటి కలర్ టీవీ, మొదటి కేబుల్ ఆయనవే. ఆదివారం సాయంత్రం పందెం వచ్చిందంటే ఆయన గదిలో చాప మీద మేం ముగ్గురం, మధ్యలో అక్క వేయించిన పల్లీలు. మామకు బ్రెజిల్ డ్రైవరంటే ప్రాణం. నాకు ఫ్రాన్స్ అతను ఇష్టం, ఎందుకంటే బండిని పాడుచేయకుండా ముగింపు గీత దాకా తెచ్చేవాడు. ఊరికే అరుచుకోవడం నాకు నచ్చక నోటుబుక్కులో టేబుల్ గీశాను. వానలో నడపడం, మలుపులు, బండిని కాపాడుకోవడం, వెనకబడిన పందెంలో పుంజుకోవడం. ఒక్కోదానికి పది మార్కులు. ఫ్రాన్స్ అతనికి రెండు మార్కులు ఎక్కువ వచ్చాయి. "మార్కులేసుడు గాదురా, వాన్ల ఎట్ల నడిపిండో సూడు" అని మామ కొట్టిపారేశాడు. అంతవరకు పల్లీలు తింటూ కూర్చున్న బావ అప్పుడు నోరు తెరిచాడు.

"అందరు ఒక్క దిక్కే ఉరుకుతున్నరు గదా బామ్మర్దీ, ఎదురుంగ ఒక్కడన్న వస్తుండా? ఎడ్లబండి లేదు, లోడు లేదు, బర్రె అడ్డమొచ్చేది లేదు. అండ్ల గొప్పేముంది? జర పల్సానా తొవ్వల సచిన్ చౌరస్తాకు రమ్మను, తెలుస్తది."

"అయితె నీ పేరు గూడ రాయిద్దామా అల్లుడా?" అని మామ పడిపడి నవ్వాడు.

నేనూ నవ్వి ఊరుకుని ఉంటే ఈ కథ లేదు. నేను నవ్వలేదు. స్కేలు పెట్టి ఇంకో అడ్డవరస గీసి, మొదటి గడిలో 'బావ' అని రాసి, మిగతా అన్ని గడుల్లోనూ 'సమాచారం లేదు' అని నింపాను. కొలవనిది రాయకూడదని మా ల్యాబ్‌లో నేర్పారు. నా దృష్టిలో అది న్యాయం. మామ దాన్ని లాక్కుని పైకి చదివాడు, గడి గడికీ ఆగుతూ. బావ ముఖం చూశాక గానీ నేను చేసింది నాకు తెలియలేదు.

"సమాచారం లేదా? పదకొండేండ్ల సంది నడుపుతున్న. గురువారం నీకు సుట్టియే గదా, డ్యూటీ లేదు. బండెక్కు. రాస్కో."

అలా మొదలైంది. నా చేతి డిజిటల్ వాచీలో స్టాప్‌వాచ్ ఉండేది. మా గల్లీ మొదట్లో నొక్కడం, పల్సానా మిల్లు గేటు దగ్గర ఆపడం. మొదటి గురువారం యాభై రెండు నిమిషాలు. బావ మామూలుగానే నడిపాడు. గేటు దగ్గర ఇంజను ఆపి, ఏదో గుర్తొచ్చినట్టు, "ఎంతొచ్చింది?" అన్నాడు. చెప్పాను. రెండో గురువారం నలభై తొమ్మిది. మూడోసారి నలభై అయిదున్నర. వస్తువును కొలిస్తే అది మారదని నా చదువు నేర్పింది. మనిషిని కొలిస్తే మారిపోతాడని ఎవరూ నేర్పలేదు. ఆదివారాలు మామ ఆ అంకెలు చదివి, "బ్రెజిల్ ఆయన పని ఖతం!" అని తొడ కొట్టేవాడు. బావ తల వంచుకుని నవ్వుకునేవాడు. ఆ నవ్వు చూసి నేను నోటుబుక్కు మూసేసేవాణ్ణి.

నా భయాలను నోటుబుక్కు చివరి పేజీలో వరసగా రాసుకున్నాను. ఒకటి, వెనక ఎడమ టైరు అరిగిపోయింది. రెండు, బ్రేకు రెండుసార్లు తొక్కితే గానీ పట్టదు. మూడు, తాకాల లోడు ఎత్తుగా ఉండి మలుపులో బండి పక్కకు వాలుతోంది. నాలుగు, అక్కకు ఆరో నెల. ఐదో అంకె వేసి ఖాళీగా వదిలేశాను. అక్కడ నా పేరు రాయాలని తెలుసు, చెయ్యి రాలేదు. బుధవారం సాయంత్రం నుంచే నాకు అన్నం సహించేది కాదు. ఒకసారి, "చాలు బావా, లెక్కలు సరిపోయినయ్" అన్నాను. "అయితె ఫస్టెవరు?" అన్నాడాయన. మరుసటి గురువారం మళ్ళీ బండెక్కాను. అక్క ఒకరోజు నాకు వడ్డిస్తూ, "మీ బావ బువ్వ గూడ ఉరుక్కుంట తింటున్నడు. బండ్ల ఏం జేస్తున్నర్రా మీరిద్దరు?" అంది. "ఏం లేదక్కా" అన్నాను. కంచంలోంచి తల ఎత్తలేదు.

అయిదో గురువారం పొద్దున మంచు. సచిన్ దాటాక రోడ్డుకు రెండువైపులా చెరకు తోటలు, కోతల కాలం. చెరకు మోసే ట్రాక్టర్లు చక్కెర ఫ్యాక్టరీ వైపు బారులు తీరి వెళ్తున్నాయి. ట్రాలీ దాటి రెండు మూరలు బయటికి పొడుచుకు వచ్చిన గడలు. ఒక ట్రాక్టరు వెనక మేం చిక్కుకున్నాం. ముందు తెల్లగా మంచు తప్ప ఏమీ కనపడదు. బావ నా వాచీ వైపు చూశాడు. నా ముఖం వైపు కాదు, వాచీ వైపు. తర్వాత కుడివైపుకు తిప్పి యాక్సిలరేటరు అదిమాడు.

సగం దాటాం. మంచులో రెండు పసుపుపచ్చ దీపాలు పుట్టాయి. బస్సు. వెనక్కి తగ్గడానికి వీల్లేదు, మేం వదిలిన చోటులోకి ఒక లారీ వచ్చేసింది. టైరు, బ్రేకు, లోడు ఎత్తు, అక్క ఆరో నెల, నేను రాసుకున్న నాలుగూ ఒకేసారి నా మెడ మీద కూర్చున్నాయి. కళ్ళు మూసుకోవాలనుకున్నాను, రెప్పలు పడలేదు. బస్సు హారన్ ఒక్కటే చెవుల్లో. బావ బండిని ట్రాక్టరు మీదికి నొక్కాడు. చెరకు గడలు నా పక్క తలుపు పొడవునా బరబరా గీరుకుపోయాయి, ఒక గడ కిటికీలోంచి దూరి నా ఒడిలో విరిగి పడింది. బావ వైపు పక్కద్దం బస్సుకు తగిలి ఎగిరిపోయిన చప్పుడు. తర్వాత ఏ చప్పుడూ లేదు. ముందు ఖాళీ రోడ్డు. నా వేలు వాచీ మీద అలాగే బిగుసుకుని ఉంది. గేటు దగ్గర బండి ఆగింది. ఆయన రోడ్డు వైపే చూస్తూ, రోజూ అడిగే గొంతుతోనే అడిగాడు.

"ఎంతొచ్చింది?"

నలభై ఒక్క నిమిషాల పది సెకన్లు. అన్నింటికన్నా తక్కువ. నేను నోటుబుక్కు తెరిచి, ఒడిలోని చెరకు ముక్కను పక్కకు పెట్టి, జీవితంలో మొదటిసారి కొలత తప్పు చెప్పాను. "యాభై మూడు."

"ఏందీ? గంతగనం ఉరికిస్తెనా?"

"అందుకే బావా" అన్నాను. బ్రేకు తొక్కిన ప్రతిసారీ పోయిన వేగం మళ్ళీ తెచ్చుకోవడానికి ఎంత టైము పోతుందో చెప్పాను. తెచ్చుకునే లోపల ఇంకో బండి అడ్డం వస్తుంది, మళ్ళీ బ్రేకు, అందుకే ఫ్రాన్స్ అతను మెత్తగా నడిపి గెలుస్తాడు అని అరచేతి మీద గీతలు గీసి మరీ చూపించాను. అందులో కొంత నిజం ఉంది. ఎంత నిజమో మాత్రం లెక్క వేయలేదు. బావ నా అరచేతిని చూసి, "అయితె నిమ్మళంగ పోతె జల్ది పోతమన్నట్టు" అన్నాడు.

తర్వాతి గురువారం నిమ్మళంగా పోయాం. యాభై ఆరు పట్టింది, నలభై రెండన్నాను. అప్పటినుంచి నోటుబుక్కులో రెండు నిలువు వరసలు, వాచీ చెప్పింది ఒకటి, నేను చెప్పింది ఒకటి. రోడ్డు భయం పోయి, దొరికిపోతాననే భయం పట్టుకుంది. అది ఇంకా పెద్దది. దొరికితే ఈసారి కోపంతో నడుపుతాడు. ఒక చిక్కు కూడా ఉంది. మిల్లు గేటు దగ్గర టెంపోలకు వచ్చిన వరసలో ముందు అద్దం మీద సుద్దముక్కతో నంబరు వేస్తారు, ఆ వరసలోనే లోడు దింపుతారు. ఉరికించిన రోజుల్లో మాకు మూడో, నాలుగో పడేది. ఇప్పుడు తొమ్మిది పడింది, పదకొండు పడింది. బావ ఆ పదకొండును చూసి, నన్ను చూశాడు.

"టైం తక్వొచ్చింది, నంబరు పెద్దగొచ్చింది. గిదేం లెక్క?"

"వాళ్ళు ముందుగాల బయల్దేరిండ్రు బావా."

"అట్లనా" అని దిగి, తాళ్ళు విప్పడానికి వెనక్కి వెళ్ళాడు. నేను నోటుబుక్కును సీటు కింద దాచాను.

అక్కకు ఆడపిల్ల పుట్టింది. మరో నెలకు నేను అడాజన్‌లో స్నేహితులతో గదికి మారాను. మారే ముందు గురువారం ఆఖరుసారి బండెక్కాను. గేటు ముందు టీ బండి దగ్గర బావ గ్లాసు చేతికిచ్చి, ఎటో చూస్తూ అన్నాడు.

"నువ్వు జూట చెప్తున్నవని నాకు మొదటి దినమే ఎర్క బామ్మర్దీ."

"మరెందుకు ఊకున్నవ్ బావా?"

"ఆ బస్సు దినం క్లచ్ మీద నా కాలు గజగజ వణికిందిరా. నువ్వు సూస్తవేమోనని 'ఎంతొచ్చింది' అన్న. అసలు మూడో గురువారం సందే నాకు బయ్యం. తగ్గించుదామంటే ఫిట్టరు మామ నవ్వుతడు, నువ్వేమో పుస్తకంల రాస్తవు. ఎట్ల తగ్గాలె? తగ్గేటందుకు నువ్వే ఓ బహానా ఇచ్చినవ్. పట్టుకున్న." టీ ముగించి గ్లాసు కడిగి బోర్లించాడు. "ఇద్దరం బయపడుకుంట ఒకనికొకడు చెప్పలే. జర ముందుగాల చెప్తే ఆ అద్దమన్న మిగులుతుండె."

పక్కపక్కనే కూర్చుని, అన్ని గురువారాలు, ఒకే భయాన్ని చెరిసగం మోశాం. ఒక్క మాట అనుకోలేదు. ఆ నోటుబుక్కులో వాన, మలుపులు, బ్రేకు అన్నీ ఉన్నాయి. ఆయన కాలు వణకడం మాత్రం ఏ గడిలోనూ లేదు.

బావ ఇప్పటికీ పల్సానా దారిలోనే ఉన్నాడు, యాభై అయిదు నిమిషాలకు అటూ ఇటూగా. మేనకోడలికి నాలుగో ఏడు నడుస్తోంది, నాన్న వచ్చే వేళకు గల్లీ మొదట్లో నిలబడుతుంది. ఆ చలికాలం మేం ఉరికించి మిగుల్చుకున్న నిమిషాలు ఏమయ్యాయో నాకు తెలియదు. నిమ్మళంగా పోయి పోగొట్టుకున్నామనుకున్న నిమిషాల్లోనే మేమంతా ఇంకా బతుకుతున్నాం.