చెవులు లేని బండి

నా బొటనవేలు ఇంకా దాని మీద ఉండగానే తలుపు పిడి లోపలికి వెళ్ళిపోయింది.

వేలికున్న పసుపులో సగం అది తనతో తీసుకుపోయింది. చప్పుడు కాలేదు. చూస్తుండగానే తలుపు మళ్ళీ నున్నగా అయిపోయింది, అక్కడ పిడి అనేది ఎన్నడూ లేనట్టు. నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను. ఎందుకో భయమేసింది. ఆదిలాబాద్‌లో అన్న ఇంటి ముందు, పొద్దున ఎనిమిదింటికి, కొత్త కారుకు పూజ చేస్తుండగా జరిగిందది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు.

"బయపడ్డవా చెల్లె? కరువదది," అన్నాడు అన్న.

"కరిసినట్టే ఉన్నది," అన్నాను. నేనూ నవ్వాను కానీ చేతిని చీర కొంగులో దాచుకున్నాను.

మా అమ్మ, మేం అవ్వ అంటాం, అరుగు మీద కూర్చుని అంతా చూస్తోంది. "గిదేం బండిరా, దీనికి చెవులే లేవు. తలుపు తియ్యాలంటే ఏడ వట్టుకోవాలె?"

"లోపలుంటయ్ అవ్వా. తాళం వట్టుకొని దగ్గరికి పోతే అవే బయటికొస్తయ్. గదే దీని షాన్."

"అచ్చం నీ లెక్కనే. పని వడ్తె తప్ప మొకం సూపియ్యదు."

కారు తలుపు పిడిని చెవి అనడం మా ఇంట్లో బాపు నుంచి వచ్చింది. బాపు అంటే మా నాన్న, కరీంనగర్‌లో టాక్సీ నడిపేవాడు. ఆయన బండి గుండ్రటి వీపుతో, ఉబ్బిన బుగ్గలతో ఉండే పాతకాలపు కారు. దాని తలుపులకు బయటికి పొడుచుకొచ్చిన వెండిరంగు పిడులు ఉండేవి. రోజూ పొద్దున్నే గుడ్డ తడిపి ముందు వాటినే తుడిచేవాడు. "చెవులు కడిగిన. ఇగ మొకం కడగాలె," అనేవాడు. బాపు ఇప్పుడు లేడు. ఆ మాట మాత్రం మా నోళ్ళలో మిగిలింది.

కార్ల పిచ్చి కూడా ఆయన నుంచే నాకూ అన్నకూ అంటుకుంది. మేం చదివిన బడి దారిలో ఒక గ్రానైట్ వ్యాపారి ఆవరణ ఉండేది. అందులో బండరాళ్ళ మధ్య ఎక్కడో విదేశంలో తయారైన ఒక పాత కారు నిలబడి ఉండేది. దాని వెనక భాగం రెండు వైపులా చేప తోకలా పైకి లేచేది. ఎప్పుడూ రాతి దుమ్ము కప్పుకుని ఉండేది. నేనూ అన్నా ప్రహరీ గోడ సందులోంచి దాన్ని చూస్తూ నిలబడి, బడికి ఆలస్యమై, ఇద్దరం కలిసి దెబ్బలు తిన్న రోజులున్నాయి. డిగ్రీలో నా స్నేహితురాళ్ళు నోటు పుస్తకాల చివరి పేజీల్లో ముగ్గులు వేసుకుంటే నేను కార్లు వేసేదాన్ని. ముందు గీత వంపు తిరిగి, తలుపు దాటి, వెనక దీపం దగ్గర ఎలా అంతమవుతుందో అదే నాకు ముఖ్యం. పెళ్ళయి ఇద్దరు పిల్లలు పుట్టాక కూడా, రోడ్డు మీద మంచి కారు ఆగితే పిల్లల తలలు అటు తిప్పి "ఆ గీత చూడండి" అంటాను. మా ఆయనకు కారంటే ఒకచోటి నుంచి ఇంకోచోటికి పోయే వస్తువు. అన్న మాత్రం నా మాట అర్థం చేసుకుంటాడు.

అందుకే అన్న కారు కొని వీడియో పంపినప్పుడు నేను పదిసార్లు చూశాను. వాన పడ్డ రాయి రంగు. ముందు దీపాలు రెండు కళ్ళలా కాకుండా ఈ చివరి నుంచి ఆ చివరికి ఒకటే సన్నని వెలుగు గీత. పైకప్పు మొత్తం అద్దం. లోపల తెల్లటి సీట్లు. తలుపుల మీద ఏమీ లేదు. ఎక్కడా చూపు తట్టుకోదు. "ఇటువంటిది మన తానకి వస్తదనుకున్నామా," అన్నాడు అన్న ఫోన్లో. అతనికి అక్కడ ఒక జిన్నింగ్ మిల్లులో వాటా ఉంది. పత్తి సీజన్ అయిపోయి మిల్లు బందున్న రోజులు. పిల్లలకు ఎండాకాలం సెలవులు. మా ఆయనకు సెలవు దొరకలేదు. నేను ఏడేళ్ళ కూతురినీ నాలుగేళ్ళ కొడుకునీ తీసుకుని కరీంనగర్ నుంచి బస్సెక్కాను.

మా ఇళ్ళలో కొత్త బండికి మొదటి పసుపు ఆడబిడ్డే పెట్టాలి. బాపు బండికి మేనత్త పెట్టింది. నాలుగు చెవులకూ నాలుగు బొట్లు. నేను కూడా అలాగే పెట్టాలనుకున్నాను. ఆ నునుపు రంగు మీద జారిపోకుండా పసుపులో కాస్త మైదా పిండి వేసి గట్టి ముద్దగా కలిపాను. తీరా పెట్టబోతే పిడి నా వేలి కింద నుంచి వెళ్ళిపోయింది.

దానికి నేను జవాబు చెప్పాననుకున్నాను. పిడి ఉండే చోట చుట్టూ సన్నటి సందు ఉంటుంది. ఆ సందులోకి పసుపు నొక్కాను. దాని మీద కుంకుమ, కుంకుమ మీద రెండేసి అక్షింతలు. నాలుగు తలుపులకూ అంతే. బూడిదరంగు చీరకు పసుపు అంచు కుట్టినట్టు వచ్చింది. వదిన ఫొటోలు తీసింది. "నీ చెయ్యి వడ్డంక కళ వచ్చింది," అంది. నాకూ అలాగే అనిపించింది. పొద్దుటి భయం మాత్రం పోలేదు. ఎవరికీ చెప్పలేదు. నాకు భయం అలవాటు. బస్సెక్కినా ఫికరే, దిగినా ఫికరే అని మా ఆయన వెక్కిరిస్తాడు. ఇదీ అటువంటిదే అనుకున్నాను.

పూజ తర్వాత అన్న మమ్మల్ని గుడి దాకా తిప్పి తెచ్చాడు. పసుపు ఇంకా తడిగా ఉంది. పిడులు చక్కగా బయటికి వచ్చాయి, చక్కగా లోపలికి పోయాయి. బండి నడుస్తుండగా పిల్లలు తీయకుండా వెనక తలుపులకు లోపలి నుంచి తీయరాని తాళం పెట్టాడు. వచ్చాక బండిని వాకిట్లో, నీడ లేని సిమెంటు గచ్చు మీద ఆపాడు. వీధిలో పోయేవాళ్ళకు కనబడాలని.

మధ్యాహ్నం అన్నాలు తిన్నాక అన్న లోపలి గదిలో పడుకున్నాడు. నేనూ వదినా వంటింట్లో గిన్నెలు సర్దుతున్నాం. బయట నుంచి కారు పాట వినిపించింది. ఆ కారు తాళం పడేటప్పుడూ ఊడేటప్పుడూ రెండు స్వరాల చిన్న పాట పాడుతుంది.

"అన్న ఎటన్న పోతుండా?" అని అడిగాను.

"ఈ ఎండల యాడికి పోతడు," అంది వదిన.

అప్పుడే అన్న కళ్ళు నులుముకుంటూ గదిలోంచి వచ్చాడు. "బండి ఎవలు తీసిండ్రు?" అన్నాడు.

బల్ల మీద తాళం లేదు. పిల్లలు పడుకున్న చాప మీద పిల్లలు లేరు.

వాకిట్లోకి పరుగెత్తాను. ఎండ మొహం మీద కొట్టింది. కారు అద్దాల వెనక నా కూతురు కనిపించింది. నోరు కదులుతోంది, మాట వినబడటం లేదు. దాని పక్కన కొడుకు సీటు బెల్టు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. అద్దపు కప్పులోంచి ఎండ నేరుగా వాడి తల మీద పడుతోంది. తమ్ముడిని షికారు తిప్పుతున్నట్టు ఆడదామని అది తాళం తెచ్చిందట. గుడి నుంచి వచ్చినప్పుడు సరిగ్గా పడని వెనక తలుపును సందులో వేళ్ళు పెట్టి లాగి ఎక్కారట. లోపల కూర్చుని, తలుపు వేసుకుని, తాళం మీద మీట నొక్కింది. చేతిలోంచి తాళం జారి సీట్ల మధ్య సందులో పడింది.

నేను తలుపు పట్టుకోబోయాను. పట్టుకోవడానికి ఏమీ లేదు. రెండు అరచేతులూ ఆ నునుపు మీద జారిపోయాయి. ఇనుము కాలుతోంది.

"ఫికర్ చెయ్యకు, ఇంకో తాళమున్నది," అంటూ అన్న లోపలికి పోయాడు. బీరువా సొరుగులు లాగుతున్న చప్పుడు. వదిన ఆ సొరుగులో, ఈ సొరుగులో అంటోంది. నేను అద్దానికి మొహం ఆనించి కొడుకును చూస్తున్నాను. వాడు ఏడుస్తున్నాడు. అది నాకు ధైర్యంగానే ఉంది. కాసేపటికి ఏడుపు ఆపాడు.

అన్న తాళం తెచ్చి నొక్కాడు. కారు పాట పాడింది. దీపాల గీత వెలిగింది. లోపల తాళాలు ఊడిన చప్పుడు నాకు స్పష్టంగా వినిపించింది. నాలుగు తలుపుల్లోనూ ఏదో సన్నగా గీరినట్టు మూలిగింది. చెవులు బయటికి రాలేదు.

మళ్ళీ నొక్కాడు. మళ్ళీ పాట, మళ్ళీ మూలుగు. తాళాలు ఊడాయి. తలుపులు తీయడానికి మాత్రం దారి లేదు.

ఎండిన పసుపు అంచు నా కళ్ళ ముందే ఉంది. సున్నం గోడలా గట్టిపడి, అక్కడక్కడా పగిలి ఉంది. చెవులకు అడ్డం పడింది అదేనని నాకు అప్పుడే తెలిసింది.  గోళ్ళతో గీకడం మొదలుపెట్టాను.

"అద్దం పగలగొట్టు అన్నా."

అన్న రుబ్బురోలు పొత్రం ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు. "అద్దం పోరగాని మీద వడ్తదే."

అతను భయపడింది నా కొడుకు కోసమేనా, అద్దం కోసమా, ఇప్పటికీ నాకు తెలియదు. అడగను. ఆ ఒక్క ఊపిరంత ఆలస్యం చేసి అన్న కొట్టాడు. పొత్రం ఎగిరి గచ్చు మీద పడింది. అద్దం మీద తెల్లటి సాలెగూడు లేచింది కానీ అద్దం కదల్లేదు. బయటి రొద లోపలికి రాకుండా రెండు పొరలుంటాయని అన్నే పొద్దున గొప్పగా చెప్పాడు. ఇప్పుడు ఆ గూటి వెనక పిల్లవాడు కనిపించడం కూడా మానేశాడు.

పక్కింటి మరాఠీ ఆమె గోడ మీంచి చూసి, ఏమీ అడగకుండా, బకెట్లో నానేసిన దుప్పటి పిండకుండానే తెచ్చి అద్దపు కప్పు మీద పరిచింది. "పాణీ టాకా, ఆధీ పాణీ టాకా," అని, ముందు నీళ్ళు పొయ్యమంటూ వదిన చేతికి బకెట్ ఇచ్చింది. నీళ్ళు పోస్తే కప్పు మీద ఆవిరి లేచింది.

నేను ముందు అద్దం దగ్గరికి పోయి కూతురి వైపు చేతులూపాను. ముందు సీట్లోకి రా, తలుపు మీద గుండ్రటి మీట ఉంది, నొక్కు. ముందు తలుపులకు ఆ లోపలి తాళం లేదు. చేతులతో చూపించాను. నోరు పెద్దగా తెరిచి చెప్పాను. అది నన్ను చూసింది. తల ఊపింది. అర్థమైంది. తర్వాత అది కిందికి వంగింది.

కనబడకుండా పోయింది. పడిపోయిందనుకున్నాను.

అది చెప్పులు విప్పుతోంది. కుడికాలి చెప్పు పట్టీ ఊడటం లేదు. చెమట చేతులతో తంటాలు పడుతోంది. గుడి నుంచి వచ్చేటప్పుడు వాళ్ళ మామ "తెల్ల సీట్లమీద చెప్పులు వెడ్తె కాళ్ళిరగ్గొడ్త బిడ్డా" అని నవ్వుతూ అన్నాడు. నేను కూడా "మామ చెప్పింది ఇనాలె" అన్నాను. తమ్ముడు పక్కన తల వాల్చేసి ఉంటే, నా బిడ్డ ఆ మాట వింటోంది.

నేను అరిచాను. ఏం అరిచానో గుర్తు లేదు. రెండో చెప్పు కూడా విప్పి, పక్కన పెట్టి, సీట్ల మధ్య నుంచి వట్టి కాళ్ళతో ముందుకు పాకి మీట నొక్కింది. తలుపు తెరుచుకుంది. లోపలి నుంచి పొయ్యి మూత తీసినట్టు వేడి వచ్చింది.

కొడుకు ఒళ్ళు ఎర్రగా కాలిపోతోంది. పిలిస్తే కళ్ళు తెరిచాడు కానీ నన్ను చూడలేదు. అన్న వాడిని ఎత్తుకుని వీధిలోకి పరుగెత్తి ఆటో ఆపాడు. కొత్త కారు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. దవాఖానలో సెలైన్ ఎక్కించారు. ఒళ్ళంతా తడిగుడ్డలు వేశారు. డాక్టరమ్మ "ఇంకో పది నిమిషాలైతే" అని, నా మొహం చూసి, మిగిలింది మింగేసింది. సాయంత్రానికి వాడు నీళ్ళు అడిగాడు. ఆ తర్వాత ఐస్ అడిగాడు. అన్న గోడకు ఆనుకుని మొహం చేతుల్లో పెట్టుకున్నాడు.

ఇంటికి వచ్చాక నేను జాకెట్టుకున్న పిన్నీసు తీసి ఒక సందులోని పసుపు గీకాను. పెంకులా ఊడింది. అడుగున అక్షింతల గింజ ఒకటి నిలువుగా ఇరుక్కుని ఉంది. చెవి దానంతటదే బయటికి వచ్చింది.

"దుమ్ము వడ్డదేమో. కంపెనీవాళ్ళను పిలిపిస్త," అన్నాడు అన్న వెనక నుంచి.

 పసుపు పెంకు గుప్పిట్లో దాచుకున్నాను.

రాత్రి ఇద్దరి మధ్యా పడుకున్నాను. ఒక చెయ్యి కొడుకు ఛాతీ మీద ఉంచాను. కూతురు నిద్రపోలేదు. "అమ్మా, సీటుకు మరకైందా?" అని గుసగుసగా అడిగింది. కాలేదన్నాను. "మరి మామ ఎందుకు ఏడ్చిండు?" అంది. దాని తల నిమిరాను. తెల్లవారేదాకా ఒకటే ఆలోచన. పూజ దగ్గర నాకు ఆ భయం వేసినప్పుడు నోరు తెరిచి ఉంటే ఏమయ్యేది? నవ్వేవాళ్ళు. నవ్వుతారనే కదా నేను నోరు మూసుకున్నది. అదే బిడ్డకు కూడా నేర్పాను.

పొద్దున పిల్లలిద్దరినీ అరుగు మీద కూర్చోబెట్టుకున్నాను. అన్న అక్కడే చాయ్ తాగుతున్నాడు. అవ్వ ఉంది. అందరూ వినేటట్టే చెప్పాను.

"నిన్న బండి చెవులు బయటికి రానిది మీ వల్ల కాదు. నేను వెట్టిన పసుపు ఎండి గట్టివడ్డది. తప్పు నాది."

అన్న చాయ్ గ్లాసు కింద పెట్టాడు. నేను అటు చూడలేదు. కూతురి మొహం నా వైపు తిప్పుకున్నాను.

"ఇంకోపారి యాడనన్న తలుపు రాకుంటే చెప్పులు ఇడువకు బిడ్డా. తెల్ల సీటైనా తొక్కు. హారన్ ఒత్తు, అద్దం తన్ను, ఒర్రు. మామ వద్దన్నా, నేను వద్దన్నా ఇనకు."

"మరి నువ్వు కొట్టవా?" అంది.

"కొట్టను," అన్నాను. "ముందుగాల తమ్మున్ని తీసుకొని బయటికి రా. మరక సంగతి తర్వాత సూస్కుందాం."