ఆత్మకూరు మురుగునీళ్లు

ఉదయగిరి కొండ కింద గొర్రెలు మేపుతుండగా మా నాయన పాదంలో తుమ్మముల్లు దిగింది. అసలే షుగరున్న మనిషి. పుండు చీముపట్టింది. జ్వరమొచ్చినా, దగ్గొచ్చినా మందులషాపులో అడిగి తెచ్చుకునే బిళ్లలే దీనికీ మింగాడు. నేను నెల్లూరు తీసుకెళ్లేసరికి పాదం నల్లబడిపోయింది. చీము పరీక్ష చేసి, అలాంటి బిళ్లలకు అలవాటుపడి మొండిదేరిన ఈ బ్యాక్టీరియా మీద వాళ్ల దగ్గరున్న మందులేవీ పనిచేయవన్నారు. ప్రాణం నిలపడానికి మోకాలి కింద కాలు తీసేశారు.

అప్పటికి నేను మైక్రోబయాలజీలో వేరే విషయం మీద పరిశోధన చేస్తున్నాను. నాయన ఇంటికి రాగానే మా గైడు దగ్గరకెళ్లి, అంశం మార్చుకుంటానన్నాను. బ్యాక్టీరియాను చంపే వైరస్‌లున్నాయి, ఫేజ్‌లంటారు. మురికినీళ్లలో ఎక్కువగా ఉంటాయి. నాయన కాలు తిన్నదాన్ని చంపే ఫేజ్‌ను వెతకాలనుకున్నాను.

"చేసిన పనంతా పోతుందమ్మా. కోపంతో సైన్సు చేయకూడదు" అన్నారాయన.

"కోపంతోనే చేస్తాను సార్. జాగ్రత్తగా చేస్తాను."

నాయన ఒప్పుకుంటే ఆస్పత్రివాళ్లు ఆ బ్యాక్టీరియాను మా ల్యాబుకిచ్చారు.

ఆత్మకూరు బస్టాండు వెనక మురుక్కాలవలో సీసా ముంచుతుంటే మా పెదనాయన చూశాడు.

"ఏందిమ్మే, ఇంత చదివింది కాలవలో చెయ్యి పెట్టేదానికా? మన పరువేం కాను?"

"బిళ్లలు మింగి కాలు పోగొట్టుకున్నప్పుడు పోని పరువు దీంతో పోతాదా పెదనాయనా? ఈ సీసా పట్టుకో."

ముక్కు మూసుకుని పట్టుకున్నాడు.

ఉదయగిరి నీళ్లలో దొరకలేదు. కలిగిరి నీళ్లలోనూ లేదు. ల్యాబులో నవ్వినవాళ్లు నవ్వారు. చివరికి ఆత్మకూరు నీళ్లు కలిపిన ప్లేటులో, మీగడలా పరుచుకున్న బ్యాక్టీరియా మధ్య గుండుసూది తలంత ఖాళీలు కనిపించాయి. అక్కడ అది చచ్చింది.

"ప్లేటులో చచ్చింది. మనిషి ఒంట్లో చావడం వేరే సంగతి" అన్నారు గైడు. ఆ మాటా నిజమే.

ఊరికెళ్లి నాయనకు చెప్పాను. పెట్టుడుకాలు కట్టుకుంటూ విన్నాడు.

"ఇది మందవతాదా?"

"చానా కాలం పడతాది నాయనా. కాకపోనూవచ్చు."

"కాకపోతే?"

"ఇంకోదాన్ని వెతుకుతాను."

"గొర్రెల్ని అమ్మేయమని ఊరంతా చెప్పినారు. నేను అమ్మినానా?" అన్నాడు. లేచి దొడ్డి తడిక తీశాడు. మంద వెనక కుంటుతూ కొండవైపు పోయాడు.