ఇటలీ రాయబారికి ఇత్తడి బిళ్ళలు

కోలారు బంగారు గనులు మూతపడిన మరుసటి ఏడు నన్ను కేజీఎఫ్ శాఖా గ్రంథాలయానికి లైబ్రేరియన్‌గా వేశారు. అక్కడ ఒక అరలో ఇటలీ భాషలో ఐదు సంపుటాలుండేవి. పందొమ్మిదో శతాబ్దపు రాయబారి ఒకాయన రాసుకున్న స్వీయచరిత్ర అది. ఏ గని ఇంజనీరు వదిలి వెళ్లాడో!

చదవగలిగింది ఊరు మొత్తంలో ఫిలోమినమ్మ ఒక్కరే. కాన్వెంటు సిస్టర్ల దగ్గర ఇటలీ భాష నేర్చుకున్న రిటైర్డ్ టీచరమ్మ. శనివారం సాయంత్రాలు ఆవిడ చదివి తెలుగులో చెబుతుంటే, పని పోయిన గనివాళ్లు బెంచీల నిండా కూర్చునేవారు. ఆ రాయబారి పరాయి రాజుల దర్బారుల్లో విందులు తిని, గదికొచ్చి ఆ రాజులనే వెక్కిరిస్తూ నాటకాలు రాసేవాడట. ఒక నాటకం సొంత రాజుకే గుచ్చుకుంది. ఉద్యోగం ఊడింది. నాలుగో సంపుటం అక్కడ ముగిసింది. రాజు మళ్లీ పిలిచాడా, లేదా? వారమంతా టీకొట్టులో అదే చర్చ. ఆయనకు ‘రాయబారప్ప’ అని పేరు కూడా పెట్టేశారు.

ఇంతలో స్టాక్ తనిఖీ వచ్చింది. ప్రతి పుస్తకాన్నీ రిజిస్టరుతో సరిచూసి, ఏళ్ల తరబడి ఎవరూ ఇంటికి తీసుకెళ్లనివాటిని తూకానికి వేసేస్తారు. మా చదువంతా గ్రంథాలయంలోనే కాబట్టి రాయబారప్ప చీటీల మీద ఒక్క తేదీ ముద్రా లేదు. ఆ సంగతి బెంచీల మీది వాళ్లతో చెప్పి వాపోయాను.

తనిఖీ రోజు కోలారు నుంచి అధికారి వచ్చి చూస్తే అర ఖాళీ! కనబడని పుస్తకం ఖరీదు లైబ్రేరియన్ మీదే పడుతుంది. అప్పుడు గోడ వైపు చూశాను. గనిలోకి దిగేవాడు తన నంబరున్న ఇత్తడి బిళ్ళను గని పైన కొక్కేనికి తగిలించి, తిరిగొచ్చాక తీసుకునేవాడు. బిళ్ళ మిగిలితే మనిషి లోపలున్నట్టే. పుస్తకం తీసుకెళ్లేటప్పుడు కూడా వాళ్లు అలవాటుకొద్దీ అదే పద్ధతి పాటించేవారు. గ్రంథాలయం గోడ కొక్కేలకు ఐదు బిళ్ళలు వేలాడుతున్నాయి.

కబురు పెట్టాను. ఐదుగురూ పుస్తకాలు పేపర్లో చుట్టుకుని, షిఫ్టు దిగినట్టు వరసగా వచ్చారు. వెనకే ఫిలోమినమ్మ. అధికారి వాళ్లలో పెద్దవాడైన చిన్నప్పను, నీకు ఇటలీ భాష వచ్చా అని నిలదీశారు.

“నాకెట్లొస్తాది సార్! అమ్మ చదువుతాది, మేము ఇంటాము. తూకానికి ఏస్తారంటే ఎత్తుకుపోయినాము. మనిషి లోపలుండంగా ఇడిసిపెట్టి మేము పైకి రాము సార్.”

అధికారి పడీపడీ నవ్వారు. కుతూహలం ఆయనకూ పట్టుకుంది. బెంచీ మీద సర్దుకుని కూర్చుని, ఆఖరి అధ్యాయం చదవమన్నారు. ఫిలోమినమ్మ చదివి కళ్లజోడు తీశారు.

“రాజు మళ్ళా పిలిచినాడా అమ్మా?” అన్నాడు చిన్నప్ప.

“లేదప్పా, పిలవలేదు. ఇంగ ఇంట్లో కూర్చొని ఈ ఐదు బుక్కులూ రాసినాడు.”



“అట్లయితే ఆయప్పకు పని పోలేదులేమ్మా,” అన్నాడు చిన్నప్ప. బెంచీలన్నీ చప్పట్లు కొట్టాయి.

అధికారి ఐదింటికీ ఆ రోజు తేదీ ముద్ర వేయించి, ‘వాడుకలో ఉన్నవి’ అని రాసి వెళ్లారు. ముద్ర లేనంత మాత్రాన ఆ పుస్తకం ఎవరికీ అక్కర్లేదనుకోకూడదని అక్కడ నేర్చుకున్నాను. ఆ తర్వాత ఏ ఊళ్లో పనిచేసినా, దేన్నైనా తూకానికి పంపే ముందు బెంచీల మీది వాళ్లను అడిగేవాణ్ణి.