మెదెర్ కొరికి వెళ్ళిన రొట్టె

మీరు బురుల్‌ని ఒక్కసారైనా కలిసి తీరాలి. నారిన్ కొండల్లో, చైనాలోకి దాటే కనుమకి పోయే పాత వర్తకుల దారి పక్కన, సగం కొండలో కూరుకుపోయినట్టుండే రాతి సత్రం ఒకటుంది. దాని ఇనప తాళంచెవి ఆమె నడుముకే వేలాడుతుంది. చూడ్డానికి వచ్చినవాళ్ళకి తలుపు తీసి, "తల వంచండి, ఈ గుమ్మానికి ఒంటెల షావుకార్లే వంచారు, మీరెంత!" అంటుంది. వాళ్ళు నవ్వేలోపు తనే ముందు లోపలికి దూరిపోతుంది. చూడ్డం అయ్యాక ఎవరినీ ఊరికే పంపదు. పక్కనే ఉన్న తన మట్టింట్లో గుడ్డ పరిచి, రొట్టె తుంచి పెట్టి, ఉప్పు వేసిన పాల టీ పోస్తుంది. ఒంటెలు రావడం ఎప్పుడో ఆగిపోయింది గానీ, వచ్చినవాడు రొట్టె రుచి చూడకుండా వెళ్ళకూడదన్న పట్టింపు మాత్రం అక్కడ పోలేదు.

ఆ పట్టింపే ఆమెని ఇరకాటంలో పడేసింది.

మరిది మెదెర్ సరిహద్దు కాపలాకి సిపాయిగా వెళ్ళేరోజు, ఇంటి ఆచారం ప్రకారం, తల్లి సయ్‌కల్ కాల్చిన రొట్టెని ఒక్క కొరుకు కొరికి ఇచ్చాడు. గుర్రం మీంచి పడి ముందుపన్ను సగం విరిగినవాడు కదా, కొరికినచోట మధ్యలో చిన్న గట్టు మిగిలింది. ఆవిడ మిగతా రొట్టెని సంచిలో కట్టి దూలం మేకుకి తగిలించింది. వెళ్ళినవాడు తిరిగొచ్చి తన రొట్టె తానే పూర్తిచెయ్యాలి. అందాకా దాన్ని ఎవరూ నోట పెట్టరు.

శుక్రవారం వస్తే చాలు, సయ్‌కల్ సంచి దించి, ఆ గట్టు మీద వేలు ఆనించి, "చలికి చొక్కా వేసుకుంటున్నావా నాయనా?" అని అడిగేది.

"అత్తమ్మా, రొట్టెక్కూడా ఓ చొక్కా కుట్టెయ్యండి" అనేది బురుల్.

"నోర్ముయ్యవే! నీ మొగుడి రొట్టె కూడా ఇట్టాగే కాసుకున్నా. లేకపోతే నీకు మొగుడెక్కణ్ణించి వచ్చేవాడు?"

వసంతం వచ్చిందనుకుంటుండగా మంచు విరుచుకుపడింది. ఇంట్లో పిండి నిండుకుంటే భర్త ఎర్మెక్ బజారుకెళ్ళి దారిలో చిక్కుపడ్డాడు. సయ్‌కల్ కూతురింట్లో ఉంది. అప్పుడు తలుపు తట్టారు, కనుమలో లారీ ఆగిపోయిన ఇద్దరు డ్రైవర్లు. పెద్దాయనకి పెదాలు నీలంగా మారాయి. చేతులు వణుకుతున్నాయి.

"ఈయనకి షుగరమ్మా. పొద్దుట్నించి ఏం తినలేదు" అన్నాడు కుర్ర డ్రైవరు.

"వేడినీళ్ళు చాల్లే తల్లీ" అన్నాడు పెద్దాయన, కూలబడుతూనే.

ఇంట్లో ఎండబెట్టిన ఉప్పటి పెరుగుండలు తప్ప చక్కెర పలుకు కూడా లేదు. బురుల్ పైకి చూసింది. కొరకని వైపు నుంచి ఓ ముక్క తీస్తే ఏమవుతుందిలే అనుకుంది. సంచి దించి, సగం విరిచి పెద్దాయన చేతికిచ్చింది. అతిథి ఎదుట రొట్టె దాచడం తప్పు కాబట్టి మిగతా సగం గుడ్డ మీదే, కొరికిన అంచు తన వైపు ఉండేట్టు పెట్టి, పొయ్యిలోకి పిడకలు తేవడానికి బయటికెళ్ళింది.

తిరిగొచ్చేసరికి గుడ్డ మీద పొడే మిగిలింది.

"రాయిలా ఉందిగానీ టీలో ముంచితే దిగిపోయింది. ఓ చివర ఎలక కొరికినట్టుంది, చూసుకో తల్లీ" అన్నాడు పెద్దాయన. మొహంలోకి రంగొచ్చింది.

ఆమె చేతిలోని పిడకలు కింద పడ్డాయి.

పిండి రాగానే బురుల్ కొత్త రొట్టె కాల్చి, తనే ఓ కొరుకు కొరికి, పొయ్యి మీద ఎండబెట్టి సంచిలో కట్టేసింది. విరిగిన పన్ను సంగతి గుర్తే లేదు. శుక్రవారం సయ్‌కల్ వేలు అంచంతా తడిమింది. ఆగింది. మళ్ళీ తడిమింది.

"గట్టు కూడా రాలిపోయిందే పాపం. ఎండిపోయాడు నా తండ్రి" అంది.

బురుల్ పాలు పొంగుతున్నాయని లేచిపోయింది. పొయ్యి మీద పాలే లేవు.

తర్వాత మెదెర్ ఫోను పలకడం మానేసింది. సరిహద్దులో కాల్పులని ఎవరో అన్నారు. ముసలావిడ సంచిని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే, నేను మింగేశాను ఆ పిల్లాణ్ణి అనుకుంది బురుల్. పరాయివాళ్ళకి తలుపు తీస్తూ నవ్వేది, ఆ చీకటి సత్రంలో ఒక్కర్తే ఉన్నప్పుడు ఏడ్చేది.

మెదెర్ వచ్చాడు! చిక్కి, నల్లబడి, నవ్వుతూ వచ్చాడు. సయ్‌కల్ సంచి విప్పి, "నీది నువ్వే తిను నాయనా" అంది. అతను అంచు చూశాడు. వదిన వైపు చూశాడు. గబగబా టీలో ముంచి నోట్లో పెట్టేసుకున్నాడు.

బయట గుర్రం దగ్గర నిలదీశాడు. "వదినా, నాకు కొత్త పన్నెప్పుడు మొలిచింది?"

ఆమె అంతా చెప్పింది. అతను పగలబడి నవ్వాడు. "ముసలాయన బతికాడా? ఐతే సరే. అమ్మతో మాత్రం అనకు. ఆ రొట్టే నన్ను లాక్కొచ్చిందని కొండంతా చెప్పుకుంటోంది."

అతను క్షమించినా ఆమె గుండె మీది బరువు దిగలేదు. నవ్విన కొద్దీ ఇంకా బరువెక్కింది.

ఇవాళ పొరుగు గుడారం నుంచి అనార్‌గుల్ వచ్చింది. కొడుకు సిపాయిగా వెళ్తున్నాడట. అతను కొరికిన రొట్టెని కొంగులో చుట్టి తెచ్చింది. "మీ ఇంటి మేకు మంచిదక్కా" అంది సయ్‌కల్‌తో.

"మేకుదేముందే, నా కోడలి చెయ్యి మంచిది. మావాడి రొట్టెని కళ్ళల్లో పెట్టుకుని కాచింది. ఇలా రావే, నీ చేత్తోనే కట్టు."

అనార్‌గుల్ రెండు చేతులా రొట్టె చాపింది. ఇంకా వెచ్చగానే ఉంది. అత్తగారు మురిసిపోతూ చూస్తోంది. బురుల్ చేతులు ముందుకి వెళ్ళడం లేదు.

ఆ చేతులు మీవే అయితే, మీరేం చేసేవారు?