గడి తలుపుతో కోళ్ల గూడు

ఇది సాయుధ పోరాట కాలపు వీరగాథ. నిజానికి కాలం ఒక్కటే పోరాటానిది, గాథ కోళ్ల గూటిది. మొన్న కట్టెల కోత మిషన్ దగ్గర పాత టేకు వాసన తగిలితే గుర్తొచ్చింది.

జనగామ దగ్గరి మా ఊళ్లో దొర పారిపోయాక, జనం విరగ్గొట్టిన అతని కోటలాంటి గడి తలుపు పలకలు కొన్ని మా వాకిట్లోకీ వచ్చాయి. వేలెడు మేకులు కూడా అక్కడివే. తొమ్మిదేళ్ల నేను వాటితో అవ్వ కోళ్లకు గూడు కట్టాను. అంతకుముందు వారమే ఒక కోడిని అడవిపిల్లి ఎత్తుకుపోయింది. ఇక మిగిలినవి మూడే.

పొద్దుగూకింది. మూడు కోళ్లూ గూటి ముందు వరసగా నిలబడి, చప్పుడు చేయకుండా లోపలి చీకట్లోకి చూశాయి. ఒక్కటీ అడుగు పెట్టలేదు. లోపల చెక్క ఏదో టిక్కుమంది.

"దొర తలుపు బిడ్డా. మనల్నెన్నడన్న లోపలికి రానిచ్చిందా?" అంది అవ్వ. నవ్వలేదు.

"దొర లోపలున్నడా అవ్వా?"

"ఉంటే ఈపాటికి గుడ్లు అడుగుతుండె. చెయ్యి పెట్టి చూడు జర."

పెట్టాను. ఏదో కరిచింది. వేళ్ల నిండా నెత్తురు.

"కరిచిండవ్వా!"

అవ్వ దీపం తెచ్చి, గూట్లోకి వంగి చాలాసేపు చూసింది. ఆ రాత్రి కోళ్లు మా మంచం కిందే పడుకున్నాయి.

పలక కంటే మేకు పొడుగైతే, మొన గూడు లోపలికి తేలుతుంది.